పగవానికై వెనుదిరిగిన వాఁడు



కీడు చేసినవానికి మేలు చేయవలెనని శతకము చదివిన పసిబాలుఁడు సైతము మనకు చెప్పఁగలఁడు. చెప్పుట సులభము. కాని మనలను పట్టి చంపింపవచ్చినవాఁడు మన కన్నులయెదుటనే ప్రాణాపాయములో చిక్కినపుడు మన కాళ్లు ముందునకు పరుగెత్తునా, వెనుకకు తిరుగునా? ఈ ప్రశ్నకు నోటితోఁ గాక కాళ్లతో నుత్తరము చెప్పిన యొక సామాన్యుని చరిత్రమును నేఁడు మనము విచారింతము.

హాలండు దేశమున ఆస్పెరెన్ అను చిన్నపట్టణము కలదు. అచ్చట డిర్క్ విల్లెమ్స్ అను నాతఁడు 1569వ సంవత్సరమున మతవిషయమై చెఱలో నుంచఁబడెను. శైశవమునఁ బొందిన బాప్తిస్మము చాలదని యెంచి, బుద్ధి తెలిసినపిదప మఱల బాప్తిస్మము పొందుటయు, తన యింట నితరులకు నది జరుగనిచ్చుటయు నతని నేరములు. అతఁడు చెఱనుండి తప్పించుకొని గడ్డకట్టిన నీటిమీఁదుగా పాఱిపోయెను. పలుచని మంచుపొర యతనిని మోసెను. తఱుముచు వచ్చిన బంటును మోయలేక విఱిగెను. బంటు మంచునీటిలో మునుఁగసాగెను. డిర్క్ దాఁటిపోయియుండెను, ఇంక పట్టుకొనువారు లేరు. అయినను వెనుదిరిగి వచ్చి, చేయి యందించి, వానిని పైకి లాగెను. బ్రదికిన బంటు అతనిని విడిచిపెట్టఁగోరెను గాని, నగరాధికారి వాని ప్రమాణమును జ్ఞాపకము చేసి, పట్టుకొమ్మని యాజ్ఞాపించెను. ఆ సంవత్సరము మే 16వ తేదీన డిర్క్ సజీవదహనము చేయఁబడెను.

మన పురాణకథలలో నైనచో నిట్టి ఘట్టమున దేవదుందుభులు మ్రోఁగును, పుష్పవృష్టి కురియును. ఇచ్చట నేమియు లేదు. మంటలు మాత్రమే కలవు. ఇట్టి మంచితనము వలన నేమి లాభమని మనలో నొకరు తప్పక యడుగుదురు. లాభమును చూచుకొని చేసినది బేరము, ధర్మము కాదు. మునుఁగువాఁడు మనుష్యుఁడు, తాను మనుష్యుఁడు. అతనికి తెలిసిన లెక్క యింతియే.

డిర్క్ చేరిన యా మార్గమునందు శాంతిని మెన్నో సైమన్స్ అను నాయన బోధించెను. అతని పేరునుబట్టియే యీ సంఘమువారికి మెన్నోనైటులను నామము కలిగెను. ఈ బోధ కత్తిని చూడనివారి బోధ కాదు. 1527లో ష్లైట్‌హైమ్ అను చోట కూడిన పెద్దలు తమవారు ఖడ్గము పట్టఁగూడదని నిబంధన వ్రాసికొనిరి. అయినను 1534లో అదే విశ్వాసము పేరు చెప్పుకొన్న కొందఱు జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరమును వశపఱచుకొని, దేవుని రాజ్యమును కత్తితో స్థాపింపఁబూనిరి. మఱుసటి సంవత్సరము నగరము పడిపోయెను, వీథులు రక్తసిక్తములయ్యెను. అప్పుడు ఫ్రీస్లండులో పురోహితుఁడుగా నుండిన మెన్నో యీ దారుణమును చూచి కలఁతనొంది, 1536లో తన పదవిని విడిచి, చెదరినవారిని చేరఁదీసి శాంతిమార్గమున నడిపించెను. దైవకార్యమునకు ఖడ్గము తోడు కానేరదని యతఁడు పరుల చరిత్రనుండి గాక తనవారి తప్పునుండి నేర్చుకొనెను.

అది యటులుండఁగా, ఆలుబిడ్డలమీఁద దొంగలు పడినపుడు మాత్రము చేతులు కట్టుకొని కూర్చుండవలెనా యని మఱియొక యాక్షేపణ కలదు. ఇది తేలికగా త్రోసివేయఁదగినది కాదు. 1789 మొదలు ఉక్రెయినులో స్థిరపడిన మెన్నోనైటులకు ఈ ప్రశ్న నిజముగానే యెదురయ్యెను. విప్లవానంతరము అరాచకము ప్రబలఁగా, 1918లో లిఖ్టెనౌ గ్రామమున పెద్దలు కూడి చర్చించి, తుదకు ఎవరి యంతఃకరణమునకు వారిని విడిచిరి. యువకులు కొందఱు తుపాకులు పట్టి రక్షకదళములుగా నేర్పడిరి. 1919లో వారి గ్రామములు కొన్నింట ఘోరమైన హత్యలు జరిగెను. ఆయుధములు పట్టుటచే పగ పెరిగెనేగాని తరుగలేదని వారిలో పెక్కురు పిమ్మట పరితపించిరి.

నీడపట్టున కూర్చుండి ఆ తండ్రులకు తీర్పు చెప్పుటకు మనమెవ్వరము? కాని యొక్కమాట మనము నేర్చుకొనవలెను. వారు సంపన్నులైరి, వారి పొలములలో పనిచేసిన పొరుగువారిలో ననేకులు దరిద్రులై యుండిరి. తుపాకి గుమ్మము తట్టిన రాత్రి శాంతికై వెదకుట ఆలస్యము. పొరుగువాని గాదె వట్టిదైననాఁడే దానిని వెదకవలెను.

ఈ పాఠమును వారు మఱవలేదు. అమెరికా, కెనడాలలోని మెన్నోనైటులు 1920లో మెన్నోనైటు కేంద్రసంఘమును స్థాపించి, ఆ దేశపు కఱవులో నాఁకలిగొన్నవారికి తమవారు పరులు అను భేదము లేక యన్నము పెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, అమెరికాలో యుద్ధమునకు బదులు పౌరసేవకు నియమింపఁబడిన పండ్రెండువేలమందిలో నాలుగువేలకు మించినవారు మెన్నోనైటులే. ఆ సేవకులు అడవిమంటల నార్పిరి. ఉన్మాదుల వైద్యశాలలలో ఎవ్వరు నంటనివారికి స్నానము చేయించిరి. కఱవుపాలైనవారిని మఱల పోషించు విధమును వైద్యులు కనుఁగొనుటకై, అట్టి పౌరసేవకులలో 36గురు 1944-45లో మిన్నెసోటాయందు బుద్ధిపూర్వకముగా తమ శరీరములను క్షుత్తునకు అప్పగించిరి. చంపనొల్లని వాఁడు పిఱికి యను మాటకు వారి యెముకల గూళ్లు సమాధానము చెప్పినవి.

మన తెలుగునేలకును ఈ సంఘము క్రొత్తది కాదు. రష్యానుండి అబ్రహాము ఫ్రీసెన్ 1889లో వచ్చి నల్లగొండ ప్రాంతమున పనిచేసెను. పాలమూరు సీమలో, జడ్చర్ల వైద్యశాలలో ఈ సంఘమువారి సేవ నెఱిఁగినవా రెందఱో కలరు.

సోదరులారా, మనకు మంచునదులు లేవు. కాని మన మంచు మనకున్నది. గట్టుతగాదాలో మనలను న్యాయస్థానమున కీడ్చిన దాయాదికి కొడుకు చనిపోయినాఁడని వినినపుడు, మనము వాని గడప తొక్కుదుమా? మన కులమును దూషించినవాని యిల్లు తగులఁబడినపుడు కడవ యెత్తుకొని పరుగెత్తుదుమా? లేక, దైవము శిక్షించెనని లోలోన తృప్తిపడుదుమా? ఆ తృప్తియే యుద్ధమునకు విత్తనము. సైన్యములు పిమ్మట వచ్చును.

దయామయుఁడవైన పరమేశ్వరా, మమ్ము తఱుమువాఁడు మునుఁగుచున్నపుడు వాని కేక వినఁగల చెవిని మాకిమ్ము. వెనుదిరుగఁగల కాలిని మాకిమ్ము. ప్రతిఫలము లేకున్నను వణఁకక చాఁపఁగల చేతిని మాకొసఁగుము.