ఇచ్చిన మాట, కంకర బాట



పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ తొమ్మిదవ అధ్యాయంలో విశ్వాస జీవితాన్ని పరుగు పందెంతో పోల్చారు. కొరింతు పట్టణానికి చేరువలోనే రెండేళ్ళకొకసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి. గెలిచినవానికి దక్కేది ఆకులతో అల్లిన కిరీటం. నాలుగు రోజుల్లో వాడిపోయే ఆ కిరీటం కోసమే క్రీడాకారులు తమ దేహాన్ని అంత అదుపులో పెట్టుకుంటే, వాడని కిరీటం కోసం మనమెంత పాటుపడాలి? ఇదే ఆయన మన ముందుంచిన ప్రశ్న.

ఆ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఈనాటి పందెం ఒకటి చూద్దాం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ 2006లో 34 మందితో ఒక సైకిల్ పందెం మొదలైంది. ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్ గ్రావెల్. గ్రావెల్ అంటే కంకర. తారురోడ్డు మీద కాక, పచ్చిక కొండల నడుమ కంకర దారుల్లో సాగుతుంది. ప్రధాన పందెం దూరం 200 మైళ్ళు, సుమారు 320 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదు నుండి విజయవాడ మీదుగా ఏలూరు చేరేంత దూరమన్నమాట. ఆ కొండలను ఫ్లింట్ హిల్స్ అంటారు. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. దాని అంచులు కత్తుల్లా టైర్లను కోస్తాయి. అందరికంటే ముందుండేవారు తొమ్మిది గంటల్లో ముగిస్తే, ఎందరో దీపాలు వెలిగించుకొని అర్ధరాత్రి దాకా తొక్కుతూనే ఉంటారు.

వీరినుండి మనం నేర్చుకోదగినవి మూడు ఉన్నాయి.

మొదటిది, మాట ఇచ్చేముందు లెక్క చూసుకోవడం. పందెంలో పేరు నమోదు చేసుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. కాని ఆ ఒక్క మాట వెనుక నెలల తరబడి సాధన ఉంటుంది. ఉద్యోగం చేసుకునే మనిషికి వారంలో పది పన్నెండు గంటలు దానికే పోతాయి. ఆ గంటలు ఎక్కడినుండి వస్తాయి? భార్య ఒక్కతే పిల్లలను చూసుకునే ఉదయాలనుండి, తండ్రికోసం పిల్లలు ఎదురుచూసే సాయంత్రాలనుండి వస్తాయి. కనుక వివేకవంతుడు ముందుగా ఇంట్లోవారిని అడుగుతాడు. అడగకుండా తీసుకున్న సమయం దొంగిలించినట్టే. ఆదివారపు దివ్యబలిపూజను కూడా ఆ పందెమే మింగివేస్తే, ఆ ఆకుల కిరీటమే విగ్రహమైపోతుంది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కించుకోవాలని ప్రభువు లూకా సువార్త పదునాల్గవ అధ్యాయంలో చెప్పింది ఇందుకే. మన ఇళ్ళల్లో జ్ఞానవివాహానికి పందిరి, భోజనాలు, బంగారం అన్నీ లెక్క చూస్తాం. పీఠం ముందు ఆ ఇద్దరూ ఇచ్చే మాట ఖరీదెంతో ఎందరు తల్లిదండ్రులు కూర్చోబెట్టి చెబుతున్నారు?

రెండవది, ఎవరూ చూడని సాధన. ఒకేరోజు 320 కిలోమీటర్లు తొక్కే శక్తి ఒక్కరోజులో రాదు. వారంలో ఒకరోజు దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. దారిలో ఏమి తినాలో కూడా ముందే అలవాటు చేసుకుంటారు, ఎందుకంటే కండరాల్లో నిలువ ఉండే శక్తి అంత దూరానికి చాలదు. గంటగంటకూ ఆహారం అందాలి. ఇంకొక సంగతి ఉంది. దేహం బలపడేది తొక్కేటప్పుడు కాదు, తరువాత విశ్రాంతి తీసుకునేటప్పుడు. విశ్రాంతి లేని సాధన మనిషిని కుంగదీస్తుందే తప్ప బలపరచదు. అందుకే మధ్యమధ్య తేలిక వారాలు పెట్టుకుంటారు, పందెం దగ్గరపడేకొద్దీ శ్రమ తగ్గించుకుంటారు. మన సృష్టికర్త ఏడవ దినాన్ని ఎందుకు పవిత్రపరిచాడో ఇక్కడ కొంత తెలుస్తుంది. దారిలో ఆహారం లేనివాడు కూలిపోయినట్టే దివ్యసత్ప్రసాదానికి దూరమైన ఆత్మ నీరసిస్తుంది. రోజూ ఇంట్లో చెప్పుకునే జపమాల చిన్న సాధనగానే కనిపించవచ్చు. కష్టం వచ్చిన రోజున నిలబెట్టేది అదే.

మూడవది, ముందుగా సమకూర్చుకోవడం. ఈ పందెంలో నిర్ణయించిన మజిలీల దగ్గర తప్ప తమవారి సహాయం అందుకోకూడదు. టైరు కోసుకుంటే సరిచేసుకోవలసింది తానే. అందుకే ట్యూబు, గాలిపంపు, పనిముట్లు, నీళ్ళు వెంట ఉంచుకుంటారు. 2023లో వాన కురిసి, పందెం మొదట్లోనే దారి జిగురు బురదైంది. చక్రాలు తిరగక ఎందరో సైకిళ్ళను మోసుకుంటూ నడిచారు. అటువంటి బురదను గీకడానికి ఒక చెక్కపుల్లను జేబులో పెట్టుకొని వెళ్ళే అనుభవజ్ఞులున్నారు. పదిమంది కన్యకల ఉపమానం గుర్తు తెచ్చుకోండి. బుద్ధిమంతులైన ఐదుగురు నూనె ఇవ్వకపోవడం పిసినారితనం కాదు. కొన్నింటిని అప్పు తెచ్చుకోలేం. తండ్రి విశ్వాసం కొడుక్కి ఆదర్శం కాగలదు గాని, కొడుకు దీపంలో నూనె కాలేదు.

ఆ కాన్సాస్‌లోనే, ఎంపోరియాకు పడమరగా పిల్సెన్ అనే పల్లె ఉంది. 1916లో అక్కడి రైతు కుటుంబంలో ఎమిల్ కపౌన్ జన్మించారు. 1940లో గురువుగా అభిషిక్తులై, తరువాత సైనికుల ఆధ్యాత్మిక గురువుగా కొరియా యుద్ధానికి వెళ్ళారు. జీపు పోయాక ఒక సైకిల్ సంపాదించి, దానిమీదే సైనికుల దగ్గరకు వెళ్ళేవారు. 1950 నవంబరులో తప్పించుకునే అవకాశం ఉండి కూడా గాయపడినవారిని విడువక శత్రువుల చేతికి చిక్కారు. చెరలో ఆకలిగొన్నవారికి ఆహారం తెచ్చిపెట్టారు, రోగుల బట్టలుతికారు, వారితో ప్రార్థన చేయించారు. 1951 మే 23న అక్కడే కన్నుమూశారు. 2025 ఫిబ్రవరిలో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను పూజ్యులుగా ప్రకటించడానికి ఆమోదం తెలిపారు. ఆయన సైకిల్ తొక్కింది పతకం కోసం కాదు. అభిషేకం నాడు ఇచ్చిన మాటను ఆ రాళ్ళ దారుల్లో నిలుపుకున్నారు.

ప్రియ విశ్వాసులారా! మనమందరం ఎప్పుడో ఒక మాట ఇచ్చినవారమే. జ్ఞానస్నానంలో మనకోసం పెద్దలు ఇచ్చారు, భద్రమైన అభ్యంగనంలో అది మన మాటే అయ్యింది. భార్యాభర్తలు పీఠం ముందు ఇచ్చారు. ఈ వారం ఒక సాయంత్రం కుటుంబమంతా కలిసి కూర్చోండి. ఈ ఇంట్లో మన సమయం దేనికి పోతున్నది, ఎవరి వాటా తగ్గిపోతున్నదని ఒకరినొకరు అడగండి. నిందించుకోవద్దు, లెక్క చూసుకోండి. తరువాత కలిసి మోకరించి, చేయగలిగిన ఒక చిన్న సాధనను ఎంచుకుని రేపటినుండే మొదలుపెట్టండి.

మన చేత మాట ఇప్పించిన ప్రభువే దానిని చివరివరకు నిలుపుకునే శక్తిని మనకు ప్రసాదించును గాక. ఆమెన్.