దైవము ఐదవది

మన యిండ్లలో పసిబిడ్డ యెదుగుదలకు వ్రాతలో లేని పంచాంగ మొకటి కలదు. బోర్లపడిననాడు బొబ్బట్లును, అడుగు వేసిననాడు అరిసెలును పంచిపెట్టు మన పెద్దముత్తైదువలు, ఏ నెలలో శిశువు ఏమి చేయవలెనో యే గ్రంథమును చదువకయే యెరుగుదురు. అయినను ఏడాదిన్నర నిండియు బిడ్డ నిలువని యింట, చూచుట నేర్చిన ఆ కన్నులే చూపు మరల్చుకొనును. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అని కొన్నాళ్ళును, "పూర్వజన్మ కర్మ, మనమేం చేస్తాం" అని తక్కిన కాలమును గడచిపోవును. ఈ రెండవ మాట వేదాంతమువలె తోచును గనుక వేదాంతముతోనే దానిని పరీక్షింపవలెను.

ఏ కార్యమునకైనను అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధ చేష్టలు, దైవము అని హేతువు లైదని గీత పదునెనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. దైవము కాదనబడలేదు గాని, నాలుగింటి తరువాతనే దానికి స్థానము. ఆ నాలుగింటిని విడిచి ఐదవదానినే పట్టుకొనుట భక్తి యనిపించుకొనదు. అదిగాక ప్రారబ్ధము కంటికి కానరానిది. ఫలము తేలిన పిమ్మట గాని దాని స్వరూపము తెలియదు. ఈ బిడ్డకు బాగుపడు వ్రాత లేదనువాడు, సకాలమున వైద్యము దొరకుటయు ఆ వ్రాతలోనిదే యేమో యని యేల తలపడు?

కొందరు శిశువులకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి చాలినంత పనిచేయదు. అట్టి బిడ్డ చూడ చక్కగానే యుండి, అంతగా ఏడువక నిద్రించుచుండగా ఇంటివారు బుద్ధిమంతుడని మురియుదురు. మడమను గ్రుచ్చి తీసిన రక్తపుబొట్టును పరీక్షించి, రెండు వారములలోగా ఒక చిన్న మాత్రను తల్లిపాలలో నలిపి పట్ట నారంభించినచో, ఆ బిడ్డ తక్కినవారివలెనే చదువుకొనును. నెలలు గడచిన పిదప అదే మాత్ర దేహమును పెంచగలదు గాని, పోయిన బుద్ధిబలమును పూర్తిగా మరల తేజాలదు. కర్మ యొక్కటే, మాత్ర యొక్కటే. మారినది దినముల లెక్క.

అన్ని లోపములును ఇట్లు తీరునవి కావు. సెరిబ్రల్ పాల్సీతో కాళ్ళు బిగిసిన బిడ్డ యెంత సాధన చేయించినను ఒంటరిగా నడువకపోవచ్చును. ఫలము నిశ్చయము కానిచోట ప్రయత్న మేల యందురా? ఫలము నిశ్చయించుకొని చేయునది వర్తకము. నిత్యసాధనచే చెంచా పట్ట నేర్చిన బిడ్డ తన యన్నము తాను తినును. అది స్వల్పఫలము కాదు.

ఇక కర్తృత్వభారమంతయు తల్లిపైననే మోపి, గ్రహణమునాడు కదలినదని ఆమెనే దూషించుట కేవలము అధర్మము. తండ్రియు, అత్తమామలును, అంగన్‌వాడీ కార్యకర్తయు, వైద్యుడును కర్తలే. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రములు వెలసినవి. ఆ కరణములును సమకూరియే యున్నవి. జాతకము చూపించుకొనదలచినవారు చూపించుకొనవచ్చును. కాని బిడ్డను ముందు వైద్యునికి చూపి, జ్యోతిష్కుని యొద్దకు తరువాత పొండు.