ఎందుకూ కొరగాని నిధి

సియాటిల్ చుట్టుపక్కల కొండదారుల మొదట్లో, కార్లు ఆపుకొనే చోట, తరచుగా ఒక హెచ్చరిక బోర్డు కనిపిస్తుంది. విలువైన వస్తువులేవీ కార్లో వదిలి వెళ్లకండి అని. బోర్డు ఊరికే పెట్టలేదని చెప్పడానికి కంకర మీద అక్కడక్కడా పగిలిన అద్దపు పలుకులు మెరుస్తుంటాయి. అదే కొండ మీదికి ఓ గంట నడిస్తే, కూలిన చెట్టు మొద్దు కింద తాళం లేని ఇనప్పెట్టె ఒకటి ఏళ్ల తరబడి క్షేమంగా ఉంటుంది. అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఎవరైనా తెలుసుకోవచ్చు. చేతిలో ఫోనుంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లొచ్చు. కింద గాజు బద్దలుకొట్టి సంచీ ఎత్తుకుపోయేవాళ్లున్న చోట, పైన ఆ పెట్టె జోలికి ఎవరూ పోరెందుకు? కూతురింటికి వెళ్లినప్పుడల్లా మనవడి వెంట జియోకాషింగ్ అనే ఈ ఆటకు కొండలెక్కుతూ నేను ఎక్కువగా ఆలోచించింది ఈ ఒక్క సంగతే.

ఆట పుట్టుక చిత్రమైనది. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి అందే సంకేతాల్లో కావాలనే కొంత తప్పు కలిపేవాళ్లు. దాంతో మన చేతిలోని పరికరం వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ఆ కల్తీని ఆపించాడు. ఆ అర్ధరాత్రికి సంకేతం శుభ్రపడింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టు సగం పాతిపెట్టి, ఆ చోటు లెక్క ఇంటర్నెట్‌లో చెప్పేశాడు. అందులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా, పేరు రాయడానికి పుస్తకం, పెన్సిలు. ఏదైనా తీసుకో, ఏదైనా పెట్టు, పేరు రాయి. అంతే నియమం. రెండు మూడు రోజుల్లోనే ఒకాయన వెతికి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆటకు నియమాలు బోలెడు పెరిగాయి. నేల తవ్వి పాతకూడదు, తిండి వస్తువులు పెట్టకూడదు. తిండి వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి. ఆ లెక్కన ఆదిపురుషుడి బకెట్టుకు ఈ రోజు అనుమతే దొరకదు.

ఇసక్వా ఊరి పక్కన టైగర్ మౌంటెన్ అని ఒక కొండ ఉంది. పులి లేదు గానీ, శని ఆదివారాల్లో దారి పొడుగునా తెలుగు వినిపిస్తుంది. అక్కడ మావాడితో ఒక పెట్టెకోసం వెళ్లాను. ఫోన్లో దూరం తగ్గుతూ వచ్చి, పది మీటర్ల దగ్గర అంకెకు పిచ్చి పట్టింది. ఆకాశం కనపడనంత పొడుగాటి చెట్లు. ఆకుల్లోంచి, రాళ్ల మీంచి సంకేతం తగిలి తగిలి వస్తుంటే యంత్రం తడబడుతుంది. మావాడు ఫోను జేబులో పెట్టేసి, నాచు పట్టిన ఒక మొద్దు చుట్టూ తిరిగాడు. మొద్దు వారగా నాలుగు బెరడు ముక్కలు పక్కపక్కనే ఆనించి ఉన్నాయి. "అడవి ఇంత నీట్‌గా పెట్టదు తాతా" అన్నాడు. వాటిని తీస్తే వెనక సైన్యంవాళ్లు తూటాలు పెట్టుకొనే ఆకుపచ్చ పెట్టె. మూతకు రబ్బరు పట్టీ ఉంది కాబట్టి లోపల చుక్క నీరు లేదు. ప్లాస్టిక్ డైనోసారు, కళ్లు ఊడిన ఒక కీచెయిను, గోళీ, కెనడా చిల్లర, అరిగిపోయిన పెన్సిలు ముక్క, జిప్ సంచీలో చిన్న నోటుపుస్తకం. అన్నీ కలిపినా అయిదు డాలర్లు చెయ్యవు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే" అన్నాడు, పుస్తకంలో తేదీ రాసుకుంటూ.

ఆ 'ఇంతే'లోనే నాకు జవాబు దొరికిందనుకుంటాను. పెట్టె భద్రంగా ఉన్నది అక్కడి జనం సత్యసంధులు కాబట్టి కాదు. వాళ్ల సంగతి కింద పగిలిన అద్దాలు చెబుతూనే ఉన్నాయి. ఎత్తుకుపోవడానికి అందులో ఏమీ లేదు. మన ఊళ్లలో ఎండాకాలం చలివేంద్రం పెడతారు, గ్లాసుకు మాత్రం గొలుసు కడతారు. నీళ్లకు ఎవరూ కాపలా ఉండరు. ఈ ఆట పెట్టినవాళ్లు ఇంకాస్త తెలివిగా ఆలోచించి, గ్లాసు కూడా ఎవరికీ అక్కర్లేనిదై ఉండేలా చూసుకున్నారు. దొంగకు పనికిరానిదాన్నే పదిమందీ పంచుకోగలరన్నమాట. ఈ మాట అనడానికి కొంచెం బాధగానే ఉంది. మనిషి మీద నమ్మకం అని మనం గొప్పగా చెప్పుకొనేదాంట్లో, ఆశ పుట్టించకుండా తీసుకున్న జాగ్రత్త ఎంత ఉందో!

దీనికి సాక్ష్యం కావాలంటే స్నోక్వాల్మీ సొరంగం దాకా వెళ్లాలి. 1914 నాటి రైలు సొరంగం అది, దాదాపు 3.6 కిలోమీటర్లు. రైళ్లు ఆగిపోయి పట్టాలు పీకేశాక కొండల్లో నడకదారిగా మిగిలింది. చలికాలం మంచుపెళ్లలు విరిగిపడతాయని మూసేస్తారు. ఎండాకాలంలో కూడా లోపల ఒళ్లు జివ్వుమంటుంది. తిన్నగా తవ్వారు కాబట్టి, చీకట్లో అడుగు పెట్టగానే అవతలి ద్వారం మినుకుమనే చుక్కలా కనిపిస్తుంది. ఎంత నడిచినా అది పెద్దదవుతున్నట్టే ఉండదు. ఆ దారి పొడుగునే ఈ ఆటలో పేరుమోసిన పెట్టె ఒకటుంది. 2001లో 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమా ప్రచారం కోసం కొన్ని పెట్టెల్లో సినిమాలో వాడిన సామాన్లు పెట్టి దాచారు. వాటిలో తొమ్మిదోది ఇది. ఒక్కొక్కటే పోయి పోయి చివరికి మిగిలినవి రెండు, ఇదీ, బ్రెజిల్‌లో ఒకటీ. దాంతో దీనికోసం దూరదేశాల నుంచి కూడా జనం రాసాగారు. 2011లో ఇదీ మాయమైంది. పక్కన ఎన్నో మామూలు డబ్బాలు ఎవరి కంటా పడక బతికిపోతుంటే, దీనికే ఆ గతి పట్టింది. కొన్నేళ్లకు దొరికి, 2017లో మళ్లీ ఆటలోకి వచ్చింది. ఎవరు తీశారో, ఎందుకు తీశారో మనకెందుకు గానీ, దానికి ధర పుట్టిన రోజే కష్టకాలం మొదలైందని మాత్రం అనుకోవచ్చు.

డబ్బు రూపంలో రాకపోతే విలువ అంకె రూపంలో దూరుతుంది. ఎవరు ఎన్ని కనుక్కున్నారో ఆట వెబ్‌సైటులో లెక్క కనిపిస్తుంది కాబట్టి, ఆ లెక్క కోసమే ఆడేవాళ్లు తయారయ్యారు. రెండు పెట్టెల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని నియమం. నెవాడా ఎడారిలో ఈటీ హైవే వెంట, సరిగ్గా అంతంత దూరంలో వెయ్యికి పైగా డబ్బాలు వరసగా పెట్టారు ఒకప్పుడు. కారు దిగడం, డబ్బా తీయడం, మళ్లీ ఎక్కడం. కొందరైతే ఆ తీరిక కూడా లేక, ఒకచోటి డబ్బా తీసుకొని కార్లో సంతకం చేసి తర్వాతి చోట పెట్టి, అక్కడిది తీసుకుపోతారట. వెతుకులాట లేదు, చూడటం అసలే లేదు. మనవడికి ఇదంతా గొప్పగా ఉంది. నాకు తద్దినం భోజనాలకు ఊళ్లో ఇళ్లన్నీ చుట్టబెట్టే పురోహితుడి హడావిడి గుర్తొచ్చింది, నవ్వుకున్నాను.

నాకు నచ్చేది పెట్టె పెట్టినవాడి సంగతి. అతను లోపలి సామాను గురించి ఆలోచించి ఉండడు. ఎవరైనా ఇక్కడికి వచ్చి నిలబడాలి, ఈ మలుపు నుంచి ఆ లోయ చూడాలి, అనుకొని ఉంటాడు. దారి పక్కనుంచి వెళ్లిపోయేవాణ్ణి ఒక పది నిమిషాలు ఆపడానికి పెట్టె ఒక వంక. కష్టాన్ని బట్టి ఒకటి నుంచి అయిదు దాకా గుర్తులు కూడా ఇస్తాడు, వెతకడానికి ఒకటి, ఎక్కడానికి ఒకటి. ఆ తర్వాతి చాకిరీ ఎవరికీ కనపడదు. ఎవరో 'దొరకలేదు' అని రాస్తే వానలో కొండెక్కి వచ్చి చూసుకోవాలి. పుస్తకం తడిస్తే మార్చాలి. జనం తొక్కి తొక్కి పెట్టె చుట్టూ నాచు చచ్చి కొత్త దారి పడితే, దాన్ని తీసి వేరే చోట పెట్టాలి. ఇలాంటి కారణాల వల్ల అమెరికా జాతీయ ఉద్యానాల్లో చాలాచోట్ల పెట్టెలు పెట్టనివ్వరు.

పెట్టెలో విలువ లేకపోతే సరిపోతుందా అంటే, చాలదు. చూసేవాడి మనసులో భయం కూడా ఉండకూడదు. అమెరికాలోనే అమాయకపు డబ్బాలను చూసి పోలీసులు బాంబు స్క్వాడ్‌ను పిలిపించిన సందర్భాలున్నాయి. ఇక మా కడప వైపు గుట్టల్లో సగం పాతిన నల్ల బకెట్టు కనిపిస్తే ఉండేలు, బీన్స్ డబ్బా ఎవరికి తడతాయి? నాటుబాంబులు అనుకుంటారు. నల్లమల వైపైతే నక్సలైట్ల డంపు అనుకుంటారు. ఆ బకెట్లు, డంపులు బయటపడి, వరసగా పేర్చి పేపర్లో ఫొటోలు వేసిన కాలం మాకింకా జ్ఞాపకమే. ఈ రెండూ కాకపోతే గుప్తనిధి. పాడుబడ్డ గుడిలో నంది కింద గునపం దించేవాళ్లకు ఇప్పటికీ కొదవ లేదు. దాచినదంటే చాలు, చంపడానికో దోచడానికో అన్నట్టు బతికిన నేల మీద, ఊరికే దాచే ఆటకు కొంచెం సమయం పడుతుంది.

మనవడు మాత్రం ఈసారి సెలవులకు మా ఊరి గుట్ట మీద ఒకటి పెట్టాల్సిందేనని కూర్చున్నాడు. ఇనప్పెట్టె వద్దు, లోపలున్నది బయటికి కనపడే ప్లాస్టిక్ డబ్బా పెడదాం అన్నాను. సర్పంచికీ, స్టేషన్లోనూ ముందే చెబుదాం అన్నాను. మూత మీద తెలుగులో ఏం రాద్దాం అని అడిగాడు. 'ఇందులో విలువైనదేమీ లేదు' అని రాద్దామన్నాను.

వాళ్లమ్మ ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల కదా, వంటింట్లోంచే నవ్వింది. "అట్లా రాస్తే తెల్లారేసరికి గుట్టంతా తవ్విపోస్తారు నాయనా!"