స్లైడ్లు స్కానింగ్‌కి ఇచ్చేముందు

అమ్మలూ,

ట్రంకుపెట్టెలో దొరికిన మీ నాన్న స్లైడ్లన్నీ మూటగట్టి స్కానింగ్ షాపులో ఇచ్చేసి, తర్వాత పెట్టె ఖాళీ చేస్తానని ఫోన్లో అన్నావు. ఇద్దువుగాని, ఒక్క వారం ఆగు. నా ఫోటో స్టూడియో మూసేసి ఇన్నేళ్ళయినా ఈ సంగతుల్లో మీ మామయ్య మాట కాస్త వినొచ్చు.

ముందు ఒక తెల్ల కాగితం మీద స్లైడ్లన్నీ పరిచి చూడు. కొన్ని నిన్న తీసినట్టుంటాయి. కొన్ని కుంకుమ నీళ్ళలో ముంచి తీసినట్టు ఎర్రబడి ఉంటాయి. ఒకే పెట్టె, అవే వేసవులు, అయినా అంత తేడా ఎందుకంటే ఫిల్ము జాతి వేరు. అట్ట మౌంటు మీద కోడాక్రోమ్ అని ఉందా, ఎక్టాక్రోమ్ అని ఉందా చదువు. చాలావాటి మీద ఫిల్ము కడిగిన నెల, సంవత్సరం కూడా ముద్రించి ఉంటాయి. మౌంటు మార్చేసి ఉంటే, ఫిల్మును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకో. ఒక వైపు బొమ్మ చెక్కినట్టు ఎత్తుపల్లాలుగా కనబడితే అది కోడాక్రోమ్.

కోడాక్రోమ్‌ని కనిపెట్టింది ఇద్దరు సంగీత విద్వాంసులు. లియోపోల్డ్ మానెస్‌ది పియానో, లియోపోల్డ్ గొడౌస్కీ జూనియర్‌ది వయొలిన్. 1935లో సినిమా ఫిల్ముగా వచ్చింది, మరుసటేడు స్లైడ్లకు. ఆ ఫిల్ములో రంగు పుట్టించే రసాయనం ఉండదు. లాబ్‌లో కడిగేటప్పుడే రంగు ఎక్కించేవారు. అందుకే పని అయ్యాక పొరల్లో మిగిలి పాడుచేసే సరుకేమీ ఉండదు. అమెరికా ప్రభుత్వం 1939 నుంచి 1944 దాకా పల్లెల్లో, ఫ్యాక్టరీల్లో తీయించిన కోడాక్రోమ్‌లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఇవాళ చూసినా ఆ ఎరుపులు, నీలాలు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడతాయి. అయితే కడగడం మహా చిక్కు. కాన్సాస్‌లో మిగిలిన ఆఖరి లాబ్ కూడా 2010 చివరికి ఆ పని మానేసింది.

ఎక్టాక్రోమ్‌లో రంగు రసాయనం ఫిల్ములోనే ఉంటుంది. కడగడం తేలిక, కానీ పాత రకాల్లో రంగులు నిలవవు. చీకట్లో పెట్టినా సయాన్, పసుపు తరిగిపోయి మెజంటా ఒక్కటే మిగులుతుంది. 1970ల చివర్లో వచ్చిన ఇ-6 రకం మాత్రం చాలా మెరుగు.

ఇప్పుడు అసలు మాట. కోడాక్రోమ్ మందకొడి ఫిల్ము, దానికి ఎండ కావాలి. బావ నయాగరా, మంచు, కొత్త కారు దాని మీద తీసుంటాడు. ఇంట్లో దీపాల వెలుగులో అయితే వేగం ఎక్కువున్న ఎక్టాక్రోమ్ వేసేవారు. అంటే నీ మొదటి పుట్టినరోజు, మీరు చికాగోలో ఉండగా అక్కడికి వచ్చినప్పుడు మా అమ్మ వంటింట్లో నిలబడ్డ బొమ్మ ఎర్రబడిపోయే కుప్పలోనే ఉంటాయి. నయాగరా ఎక్కడికీ పోదు, ముందు ఆ కుప్ప స్కాన్ చేయించు. సగం వెలిసిన రంగుని కంప్యూటర్లో చాలావరకు వెనక్కి లాగొచ్చు. పూర్తిగా పోయినదాన్ని ఎవరూ తేలేరు. మీరు ఇండియాకి తిరిగొచ్చాక కొన్న ఓర్వో ఫిల్ము స్లైడ్లు ఉంటే వాటినీ ఈ కుప్పలోనే వెయ్యి.

కోడాక్రోమ్ ఇచ్చేటప్పుడు ఆ సంగతి షాపువాడికి విడిగా చెప్పు. స్కానర్లో దుమ్ము మచ్చలు తీసే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి దానికి సరిగ్గా పడదు, బొమ్మ వివరాలనే మచ్చలనుకుని చెరిపేస్తుంది. వాడికి తెలియదంటే ఇంకో షాపు చూసుకో.

పిల్లలకి చూపిద్దామని పాత ప్రొజెక్టరు దులపకు. చీకట్లో అంత గట్టిదైన కోడాక్రోమ్ ప్రొజెక్టరు దీపం ముందు మిగతా ఫిల్ముల కంటే తొందరగా వెలుస్తుంది.

స్కాన్ అయ్యాక పారెయ్యకు తల్లీ. నువ్వు చేయించే స్కాన్ ఇవాళ్టి మెషీను చూపు, అంతే. రేపు ఇంకా మంచిది వస్తుంది. మేడమీద స్లాబు కింద బీరువాలో వద్దు, అక్కడ ఎండాకాలం ఉడికిపోతాయి. చీరల మధ్య కలరా ఉండల పక్కన అసలు వద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు పడేసి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టు. మన సముద్రపు గాలికి జెలటిన్ మీద బూజు పట్టడం ఎంతసేపు? బూజు కనబడితే నీళ్ళతో తుడవకు, బూజు తిన్న జెలటిన్ నీటికి కరిగి ఊడొస్తుంది. అలాంటివి పక్కన పెట్టు, నేనొచ్చి చూస్తాను. ఏ డబ్బానైనా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము ఆధారమే చెడుతోందన్నమాట. దాన్ని మిగతావాటికి దూరంగా తీసి, వెంటనే స్కానింగ్‌కి పంపు.

ఇంకొక్కటి. ఆ బొమ్మల్లో ఎవరెవరో చెప్పగలిగింది ఇప్పుడు మీ అమ్మ ఒక్కతే. షాపుకి ఇవ్వకముందే ఈ ఆదివారం అక్కయ్యని కూర్చోబెట్టి అడుగు. అట్ట మౌంటు మీద మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయి. ప్లాస్టిక్ మౌంట్లకు నంబర్లు వేసి పుస్తకంలో ఎక్కించు. బాల్‌పెన్ను వాడకు, ఒత్తిడికి ఫిల్ము మీద గీత పడుతుంది.

మీ మామయ్య