విశదంగా కనిపించేదంతా ప్రత్యక్షమేనా?

దూరాన జరిగే ఆలయోత్సవాన్ని హెచ్.డి. సెట్‌టాప్ బాక్స్ ద్వారా ఇంట్లో కూర్చుని చూసిన భక్తుడికి కలిగినది ప్రత్యక్షజ్ఞానమా, పరోక్షజ్ఞానమా అన్నది భక్తికి సంబంధించిన ప్రశ్నగానే వినిపిస్తుంది గాని, నిజానికది ప్రమాణశాస్త్రానికి, అంటే యథార్థజ్ఞానం ఏయే మార్గాల్లో కలుగుతుందో విచారించే శాస్త్రానికి చెందిన ప్రశ్న. తమిళనాడులో కోవిల్‌పట్టికి సమీపాన ఉన్న కళుగుమలై ఈ విచారణకు తగిన చోటు. ఆ కొండ రాతిచరియ మీద పాండ్యుల కాలంలో, 8, 9 శతాబ్దాల్లో, చెక్కిన జైన తీర్థంకరుల ప్రతిమలు వరుసలు తీరి ఉన్నాయి. దిగువన మురుగన్ కొలువైన కళుగాచలమూర్తి గుహాలయం ఉంది. చుట్టూ పరుచుకున్న నల్లరేగడి ఊళ్లలో, బయట తమిళం, ఇంట తెలుగు మాట్లాడే కమ్మ, రెడ్డి, రాజకంబళ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2008లో మొదలైన శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్ వంటివి అటువంటి ఇళ్లకు తిరుమలను, దానితో పాటు చదవడం రాకపోయినా చెవికి తెలిసిన తెలుగును చేరవేయగలవు.

ముందుగా బాక్స్ చేసే పని తెలియాలి. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమంగా తిరిగే ఉపగ్రహం పంపే తరంగాలు మిద్దె మీదా, పెంకుటింటి మీదా తేడా లేకుండా పడతాయి. డిష్ వాటిని కూడదీసి కేబుల్ గుండా అందిస్తే, బాక్స్ కావలసిన చానల్‌ను వేరుచేసి, చందా చెల్లినట్టు నిర్ధారించుకుని, గుప్తసంకేతాల ముడి విప్పి, కుదించి పంపిన బొమ్మను తిరిగి పరుస్తుంది. మామూలు ప్రసారంలో ఒక్కో బొమ్మకు అడ్డంగా 720, నిలువునా 576, మొత్తం 4,14,720 చుక్కలుంటే, పూర్తి హెచ్.డి.లో 1920, 1080 లెక్కన 20,73,600 ఉంటాయి. అంటే ఐదు రెట్లు. మామూలు ప్రసారంలో ఉత్సవమూర్తి మెడలో పచ్చని పట్టీలా అలుక్కుపోయి కనిపించే దండ, హెచ్.డి.లో తులసి వేరు, మరువం వేరుగా విడివడుతుంది. అయితే ప్రసారం కూడా హెచ్.డి.లోనే రావాలి, పంపని వివరాన్ని ఏ బాక్స్ కూడా నిజంగా తెచ్చివ్వలేదు.

ఇందులో తాత్త్వికంగా అన్నిటికన్నా ముఖ్యమైనది కుదింపు. బొమ్మ మొత్తాన్ని అప్పుడప్పుడు మాత్రమే పంపి, మధ్యలో మారిన భాగాల సమాచారమే పంపుతారు. కదలని దండను బాక్స్ వెనుకటి బొమ్మలోంచి తెచ్చుకుంటుంది, కదిలే వింజామరను కదలిక దిశను బట్టి కూరుస్తుంది. తెర మీది ప్రతి క్షణంలోనూ స్మృతిని, అనుమానాన్ని, అంటే ఒక గుర్తును బట్టి మరొకటి ఊహించడాన్ని, పోలిన పని కొంత జరుగుతూనే ఉంటుంది.

ఇంద్రియానికి వస్తువుతో సంబంధం ఏర్పడితే పుట్టేది ప్రత్యక్షమని న్యాయదర్శనం చెబుతుంది. ఆ లెక్కన భక్తుడి కన్ను చేరినది తెరనే గాని స్వామిని కాదు. జైనులు కన్ను వస్తువును తాకకుండానే గ్రహిస్తుందంటారు. అంతకన్నా లోతైన మాట జైనాచార్యుడు ఉమాస్వాతి రాసిన తత్త్వార్థసూత్రంలో ఉంది: ఇంద్రియాల మీద ఆధారపడిన జ్ఞానమంతా పరోక్షమే, ఆత్మ ఏ సాయమూ లేకుండా స్వయంగా ఎరిగేదే ప్రత్యక్షం. ఈ దృష్టిలో గర్భగుడి ముందు నిలబడి చూసినవాడిదీ పరోక్షజ్ఞానమే, ఎందుకంటే కన్ను కూడా ఒక మధ్యవర్తి. తరువాత జైన తార్కికుడు అకలంకుడు లోకవ్యవహారాన్ని మన్నించి, ఇంద్రియజ్ఞానాన్ని సాంవ్యవహారిక ప్రత్యక్షంగా ఒప్పుకుని, ప్రత్యక్షానికి వైశద్యాన్ని, అంటే స్పష్టతను, లక్షణంగా నిలిపాడు. ఆ స్పష్టత ఏమిటో మరో జైన తార్కికుడు మాణిక్యనంది తన పరీక్షాముఖంలో వివరించాడు: మధ్యలో మరో జ్ఞానం అడ్డుపడకుండా తోచడం, లేదా విశేషాలతో సహా తోచడం.

హెచ్.డి. పెంచేది ఈ రెండోదాన్నే. తులసి, మరువం వేరుగా తెలియడం విశేషజ్ఞానమే, అది తక్కువది కాదు. బాక్స్ చేసే కూర్పు కూడా అడ్డు కాదు, ఎందుకంటే జడమైన పరికరానికి జ్ఞానం లేదు. కళ్లద్దం ఎటువంటిదో అదీ అటువంటిదే. కాని ‘ఇది తిరుమల, ఇది ఇప్పుడే జరుగుతోంది’ అన్న ఎరుక కంటితో వచ్చినది కాదు. నిరుటి ఉత్సవాన్ని మళ్లీ వేసినా చుక్కలు అన్నే ఉంటాయి. అది ప్రసారకుల మాట మీది నమ్మకం, శాస్త్ర పరిభాషలో శబ్దప్రమాణం. చూపు ఎంత పదునెక్కినా ఆ ఒక్క ముక్కకు మాటనే ఆశ్రయించాలి.

దర్శనం మాత్రం కేవలం తెలుసుకోవడం కాదు. కొండ మీది తీర్థంకరుడు వీతరాగుడు, రాగద్వేషాలు విడిచినవాడు. ఆయన ఎవరినీ కటాక్షించడు, చూసేవాడిలో కలిగే పరిణామమే అక్కడి ఫలం, కనుక ఆ ప్రతిమను తెర మీద చూసినా సిద్ధాంతరీత్యా పోయేది స్వల్పమే. దిగువన మురుగన్ సన్నిధికి భక్తుడు వెళ్లేది చూడడానికే కాదు, స్వామి కంట పడడానికి. ఇంటి మీది డిష్‌కు పైనుంచి తరంగాలు వస్తాయే గాని, దానినుంచి తిరిగి పైకి ఏదీ వెళ్లదు. సర్వాంతర్యామికి తరంగాలతో పనేమిటని భక్తుడు అడిగితే ఆ మాట సబబే. అయితే అప్పుడా కటాక్షం టీవీ కట్టేసిన ఇంటి మీద కూడా అంతే ఉంటుంది.