ప్రసిద్ధి, సంభావ్యత, ఉత్కంఠ: అనంతపురం హత్యాదృశ్యాలపై ఒక విచారణ

తెరమీద హత్య జరుగుతున్నప్పుడు ప్రేక్షకుని మనసులో రెండు ప్రశ్నలు పెనుగులాడుతుంటాయి. ‘ఇది జరిగే పనేనా?’ అన్నది సంభావ్యతకు చెందినది. ‘ఇప్పుడేమవుతుంది?’ అన్నది ఉత్కంఠకు చెందినది. రెండోది బలపడినకొద్దీ మొదటిది వినబడదు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1959లో తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో శత్రువులు కథానాయకుణ్ణి ఒక నిర్జనమైన మైదానానికి రప్పించి, చేలకు మందు చల్లే విమానంతో చంపజూస్తారు. రోడ్డుపక్కన ఒంటరిగా నిలబడ్డ మనిషిని చంపడానికి కారూ తుపాకీ చాలవా? సినిమా చూస్తున్నంతసేపూ ఈ సందేహం రాదు. ఎండిన నేల, దూరంగా మొదలై దగ్గరవుతున్న ఇంజను చప్పుడు, పరుగు. అంతవరకే మనసు పోతుంది.

భారతీయ అలంకారికులకు ఈ చిక్కు కొత్త కాదు. రసాస్వాదానికి అడ్డుపడే విఘ్నాలను పేర్కొంటూ అభినవగుప్తుడు సంభావనావిరహాన్ని, అంటే ‘ఇది జరగదు’ అన్న అపనమ్మకాన్ని, మొట్టమొదట నిలిపాడు. లోకోత్తరమైన పనులను ప్రదర్శించేటప్పుడు రామాదుల వంటి ప్రసిద్ధ నాయకులను తీసుకోవడం దీనికి ఆయన చెప్పిన విరుగుడు. సముద్రానికి వారధి కట్టడం నమ్మశక్యం కాకపోయినా, కట్టినవాడు రాముడైతే ఎవరూ ప్రశ్నించరు. రెండో విఘ్నం, చూస్తున్న సుఖదుఃఖాలు తనవనో ఫలానావారివనో ఒక దేశానికీ కాలానికీ ముడిపడిపోవడం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరగగలవు. మొదటి విఘ్నాన్ని తొలగించే ప్రసిద్ధి రెండోదాన్ని తెచ్చిపెట్టే సందర్భం ఉమ్మడి అనంతపురం జిల్లా ఫ్యాక్షన్ చరిత్రలో కనిపిస్తుంది.

1993లో మద్దెలచెరువులో టీవీ పెట్టెలో అమర్చిన బాంబు పేలి ఒకే కుటుంబానికి చెందినవారు పలువురు మరణించారు. 1997 నవంబరు 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో, పరిటాల శ్రీరాములు జీవితం ఆధారంగా తలపెట్టిన ‘శ్రీరాములయ్య’ చిత్ర ప్రారంభోత్సవం నాడు, స్టూడియో దగ్గర నిలిపి ఉంచిన కారులో బాంబు పేలింది. శ్రీరాములు కుమారుడు పరిటాల రవి బతికి బయటపడ్డాడు. వార్తాసేకరణకు వచ్చిన టీవీ సిబ్బందితో సహా 26 మంది చనిపోయారు. 2005 జనవరి 24న రవి అనంతపురంలో పార్టీ కార్యాలయం ఆవరణలోనే హత్యకు గురయ్యాడు. చూసే సాధనమే చంపే సాధనం కావడం, ఒక హత్యకు గురైన వ్యక్తి మీద తీయబోయే సినిమా ప్రారంభమే మరిన్ని మరణాలకు వేదిక కావడం – ఇవి కేవలం కల్పనలైతే ఏ నిర్మాతైనా ‘మరీ సినిమాటిక్‌గా ఉంది’ అని పక్కన పెట్టేవాడు. సాధ్యమే అయినా నమ్మశక్యం కానిదానికన్నా, అసాధ్యమైనా నమ్మదగినదే కవికి మేలని అరిస్టాటిల్ అన్నది ఇలాంటి చోటనే.

రాంగోపాల్‌వర్మ ‘రక్తచరిత్ర’ రెండు భాగాలూ (2010) ఈ చరిత్రను ఆధారం చేసుకున్నాయి. ఇక్కడ సంభావ్యత సమస్యే లేదు. జరిగిందని ప్రేక్షకునికి తెలుసు. ఉత్కంఠ మాటేమిటి? బల్లకింద బాంబున్నట్టు ప్రేక్షకునికి ముందే తెలిపితే, కూర్చున్నవారి పిచ్చాపాటీ కూడా భరించరానిదవుతుందని హిచ్‌కాక్ సూత్రం. అనంతపురం ప్రేక్షకునికి ఆ సంగతి దర్శకుడు తెలపనక్కరలేదు. టీవీ పెట్టె తెరమీదికి రాగానే అతనికి అంతా తెలిసిపోతుంది. అయితే ఒక తేడా ఉంది. ‘సబోటాజ్’ (1936)లో ఫిల్ము డబ్బాలతో పాటు బాంబు పొట్లాన్ని, అదేమిటో తెలియకుండానే, మోసుకెళ్తున్న బాలుడు బస్సులో పేలుడుకు బలైపోతాడు. అలా చంపడం పొరపాటని హిచ్‌కాక్ తరువాత ఒప్పుకున్నాడు. కల్పనలో ఆ పిల్లవాణ్ణి బతికించే వీలుంది. అందుకే ప్రేక్షకుడు ఎదురుచూస్తూనే, పేలకూడదని కోరుకోగలడు. జరిగిన హత్యలో ఆ వీలు లేదు. పేలక తప్పదని తెలిసినవాని నిరీక్షణ, బిగువు తీరడానికైనా త్వరగా పేలాలన్న కోరికగా మారుతుంది. హాల్లోని అదే వరుసలో మృతుల బంధువు కూర్చుని ఉంటే ఆ కోరికను ఏమనాలి? దేశకాలాల ముడి విప్పకుండా రసం పుట్టదన్న అభినవగుప్తుని మాట ఇక్కడ సౌందర్యశాస్త్ర పరిధిని దాటి నీతిప్రశ్న అవుతుంది.

అసలు పేర్లు వదిలేస్తే సరిపోతుందనడానికీ లేదు. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001) తరువాత వెల్లువెత్తిన ఫ్యాక్షన్ చిత్రాలు పేర్లను కల్పించుకున్నాయి గాని ప్రసిద్ధిని వదులుకోలేదు. దాన్ని మనిషి మీదినుంచి నేలమీదికి మార్చాయి. గుట్టలు, తుమ్మచెట్లు, ఎర్రమట్టి కనబడితే చాలు. పట్టపగలు నడివీధిలో పదిమందిని నరికినా ‘సీమలో అంతే’ అని ప్రేక్షకుడు నమ్ముతాడు. రాముని పేరు వారధికి చేసిన సాయాన్ని ఇక్కడ కరువునేల కత్తికి చేస్తోంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ పీఠభూమిలో వేరుశనగ విత్తి, మేఘం కోసం ఎదురుచూసి, పంట పోతే బెంగళూరుకు వలసపోయినవారే ఎక్కువ. ఆ ఎదురుచూపు ఏ ఉత్కంఠకూ పనికిరాలేదు. హిచ్‌కాక్ మైదానాన్ని చూసి ఇండియానా రైతులు హంతకులని ఎవరూ అనుకోలేదు. అక్కడి అసంభావ్యత ఎవరి నెత్తినా భారమై పడలేదు. కరువే కక్షకు కారణమన్న వాదం సానుభూతిగా వినిపించినా పనిచేసే తీరు వేరు: కాంట్రాక్టు, ఎన్నిక, పోలీసు, కోర్టు అన్నీ ఫ్రేములోనుంచి తప్పుకుని మట్టి ఒక్కటే ముద్దాయిగా మిగులుతుంది.

‘రక్తచరిత్ర’ రెండో భాగం 2010 డిసెంబరు 3న విడుదలైంది. అందులో సూర్య పోషించిన పాత్రకు మూలమైన మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాదులో, కారులో ప్రయాణిస్తుండగా, వెంట ఉన్న అనుచరుని తుపాకీకి బలయ్యాడు. గుట్టలు లేవు, సుమోల బారులు లేవు, ముందస్తు సంకేతమేదీ లేదు. నెల క్రితమే అతని కథను టికెట్టు కొని చూసినవారు ఆ మరణాన్ని వార్తల్లో, ఇంటి టీవీలో చూశారు.