గోడ తెలుపు – పనివాని ఊపిరి

క్రిస్మసు దగ్గరపడగానే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములలోని మన సంఘములు మందిరమునకును ఇండ్లకును సున్నమో రంగో వేయించుట వాడుక. కుంచెతో చేయు పనిని గాలియంత్రము త్వరగా ముగించును. ఇది క్రొత్త వింతయు కాదు. 1893లో చికాగో మహాప్రదర్శన భవనములకు గాలి ఒత్తిడితోనే తెల్లరంగు చిమ్మిరి.

అయితే కంప్రెసరు గాలి రంగును సన్నని తుంపరగా చేయును. అందులో కొంత గోడకు అంటక, మంచువలె తేలి, పనివాని ఊపిరితిత్తులలోనికి పోవును. ముక్కుకు కట్టిన తువాలు దానిని ఆపజాలదు. “ఉక్కపోతయని అతడే మాస్కు వద్దన్నాడు, మాకేమి?” అందుమా?

ద్వితీయోపదేశకాండము 22:8 చదువుడి. మిద్దెకు పిట్టగోడ కట్టించు భారము ఇంటివానిదే. మిద్దె ఎక్కినవాడు దానిని అడిగెనా లేదా అని ధర్మశాస్త్రము విచారింపలేదు.

వడపోతగల మాస్కు, కంటికి అద్దములు, తెరచిన కిటికీలు – ఇవి నేటి పిట్టగోడ. బేరమాడునప్పుడే వీటి ఖర్చును కూలితో చేర్చుదము. మధ్యమధ్య అతడు బయటికి వచ్చి ఊపిరి పీల్చుకొనునట్లు పని ఒక దినము సాగినను సాగనిత్తము. పొరుగువాని రొమ్మును పాడుచేసి తెల్లబరచిన గోడను దేవునికి ఎట్లు చూపగలము?